పనిచేసే పాత యంత్రం: అభిమానం, బాధ్యత

వయస్సు మనిషికి గౌరవాన్ని తెచ్చిపెడుతుంది. యంత్రానికి మాత్రం ధరను తగ్గిస్తుంది. లోకవ్యవహారంలో ఈ భేదం ఎంత సహజమైపోయిందంటే, దాని వెనుక ఉన్న నైతిక ప్రశ్నను గురించి ఆలోచించేవారు అరుదు. నలభై యేళ్ళు పొలం దున్ని, నేటికీ దున్నగల స్థితిలో ఉన్న ట్రాక్టరు పట్ల దాని యజమానికి ఏదైనా ధర్మం ఉన్నదా? దాని మీద చూపే మమకారం వివేకమా, వ్యామోహమా? ప్రాణం లేని వస్తువుకు మనిషి ఋణపడి ఉండటం సాధ్యమేనా?

ఈ ప్రశ్నలు వేసుకోవడానికి భిలాయి సమీపంలోని హథ్‌ఖోజ్ తగిన స్థలం. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాకు చెందిన ఈ పారిశ్రామిక ప్రాంతం ఉక్కునగరానికి ఆనుకొని ఎదిగింది. దల్లీ రాజహరా గనుల ముడి ఇనుము భిలాయి కొలిమిలో ఉక్కుగా మారుతుంది. ఆ ఉక్కు చుట్టూ వెలసిన పరిశ్రమల్లో అది నానా రూపాలు ధరిస్తుంది. కాలం తీరిన పిదప తుక్కుగా మళ్ళీ కొలిమికి చేరుతుంది. ఈ నగరాన్ని దాటగానే వరిపొలాలు మొదలవుతాయి. ఇనుము పుట్టుకను, వినియోగాన్ని, అంత్యాన్ని కొద్ది మైళ్ళ దూరంలోనే చూడగల చోటు ఇది.

భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒడంబడిక ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకొన్నది. దాని తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి అనేక తెలుగు కుటుంబాలు ఉపాధికై తరలివచ్చి ఈ పట్టణంలో స్థిరపడ్డాయి. సేద్యపు కుటుంబాలనుంచి వచ్చి కొలిమి పనిలో చేరిన వారికి నాగలి భాష, యంత్రపు భాష రెండూ అలవడ్డాయి. ఒక పనిముట్టును ఎలా తయారుచేస్తారో, దానిమీద ఒక సంసారం ఎలా ఆధారపడుతుందో ఒకే జీవితంలో తెలిసిన తరం అది.

ఆ దశాబ్దంలోనే సేద్యంలోనూ యంత్రయుగం వేళ్ళూనింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా సైన్యం వదలివెళ్ళిన ట్రాక్టర్లను బాగుచేయించి, మధ్య భారతంలో రెల్లు అలుముకొన్న బీడుభూములను సాగులోకి తెచ్చేందుకు కేంద్ర ట్రాక్టర్ సంస్థ 1947లో ఏర్పడింది. స్వతంత్ర భారతపు యాంత్రిక సేద్యం ఆ విధంగా పాత యంత్రాల మరమ్మతుతోనే మొదలయిందని చెప్పవచ్చు. భిలాయికి సాంకేతిక సహాయం అందించిన సోవియట్ దేశమే కానుకగా పంపిన యంత్రాలతో 1956లో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో కేంద్ర యాంత్రిక వ్యవసాయక్షేత్రం ఆరంభమయింది. దేశంలో తయారైన తొలి ఐషర్ ట్రాక్టరు 1959లో ఫరీదాబాద్‌నుంచి వెలువడింది. మద్రాసులో టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ సహకారంతో ఉత్పత్తి చేపట్టింది. 1971లో పింజోర్‌లో హెచ్.ఎం.టి. సంస్థ చెకోస్లొవేకియా జీటర్ నమూనాతో ట్రాక్టర్ల తయారీని ఆరంభించింది. 1974లో దుర్గాపూర్ కేంద్ర పరిశోధన సంస్థ రూపకల్పన ఆధారంగా 'స్వరాజ్' వెలువడింది. వీటిలో పింజోర్ ట్రాక్టరు విభాగాన్ని మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదం తెలిపింది. అయినా ఆ ముద్ర ధరించిన ట్రాక్టర్లు కర్మాగారం మూతబడినంత మాత్రాన పొలం విడిచిపోలేదు. యంత్రం ఆయుర్దాయం సంస్థ ఆయుర్దాయంపై ఆధారపడదు. దానిని బాగుచేయగల చేతులపై ఆధారపడుతుంది.

పాత యంత్రాల పట్ల ఆసక్తి అన్ని దేశాలలో ఒకే తీరున లేదు. బ్రిటన్‌లో 1946నుంచి 1956వరకు ఐదు లక్షలకు పైగా తయారైన చిన్న ఫెర్గూసన్ ట్రాక్టరును నేటికీ అభిమానులు మెరుగుపెట్టి ప్రదర్శనలకు తెస్తారు. 1958 జనవరిలో ఎడ్మండ్ హిల్లరీ దక్షిణ ధ్రువం చేరింది ఆ ట్రాక్టర్లపైనే. అక్కడ పాత యంత్రం విశ్రాంతి పొందిన వృద్ధుని వంటిది. దానిచుట్టూ జరిగేది స్మృతి మహోత్సవం. మన పొలాల్లోని పాత ట్రాక్టరుకు ఆ విశ్రాంతి లేదు. తొలకరికి దున్నాలి, దమ్ము చేయాలి, కోతలయ్యాక ధాన్యం బళ్ళను లాగాలి. అది సేద్యపు లెక్కల్లో ఒక భాగం.

ఇక్కడ ఒక ఆక్షేపణకు చోటున్నది. కొత్తది కొనే స్తోమత లేక పాతదానితో నెట్టుకువచ్చే రైతు అవసరాన్ని అభిమానమని పిలవడం న్యాయమా? నగరవాసి నాలుగు దశాబ్దాల నాటి ఇంజను చప్పుడు విని మురిసిపోవచ్చు. నాట్ల అదనులో ఆ ఇంజను మొరాయిస్తే, ఆనాటి నష్టం భరించేవాడు వేరు. పరుల పేదరికాన్ని సౌందర్యంగా చూడటం సంస్కారం కాదు. ఈ ఆక్షేపణలో బలమున్నది. అయితే అది సంపూర్ణ సత్యం కాదు. అవసరంతో మొదలైన సాహచర్యం పరిచయంగా, పరిచయం జ్ఞానంగా పరిణమిస్తుంది. ఏ శబ్దం మామూలుదో, ఏ శబ్దం ముప్పుకు సూచనో రైతుకు చెవితోనే తెలుస్తుంది. పాత ఇంజనులో ఇంధనం పంపు యాంత్రికంగానే పనిచేస్తుంది. దానికి కంప్యూటరు పరీక్ష అక్కర లేదు. లేతు యంత్రం, వెల్డింగు సాధనం, అనుభవమున్న మెకానిక్కు ఉంటే అది తిరిగి లేస్తుంది. యజమానికి దానిపై ఉన్నది కేవలం హక్కు కాదు, అవగాహన కూడా.

ఇన్ని మరమ్మతులు జరిగిన పిమ్మట అది పాత ట్రాక్టరేనా అన్న సందేహం కలుగుతుంది. పిస్టన్లు మారాయి, గేర్లు మారాయి, చక్రాలు ఎన్నోసార్లు మారాయి. బౌద్ధ వాఙ్మయంలోని మిళిందపన్హలో నాగసేనుడు యవన రాజైన మిళిందునితో రథాన్ని గురించి చేసిన చర్చ ఇక్కడ స్మరణీయం. ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు. ఆ భాగాల కూర్పును ఆశ్రయించి 'రథ'మన్న పేరు నిలుస్తున్నదని ఆ చర్చ తాత్పర్యం. పాత ట్రాక్టరుకు ఈ విచారణను అన్వయిస్తే, దానిలో నిలిచి ఉన్నది లోహం కాదని, దానిని నిలబెడుతూ వచ్చిన శ్రద్ధ అని తేలుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల తరతరాలుగా అబ్బిన మరమ్మతు విద్య ఆ శ్రద్ధకు సామాజిక రూపం. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు'పై సంఘాన్ని నియమించి, పరిశీలించవలసిన రంగాలలో వ్యవసాయ పరికరాలను చేర్చడం ఈ దృష్టితో గమనార్హం. బాగుచేసుకొనే వీలు లేని వస్తువును కొన్నవాడు పూర్తి అర్థంలో దాని యజమాని కాలేడు.

అయితే పాతదనమే ఒక సుగుణమని భావించడం పొరపాటు. 1903లో లక్ష్మణరావు కిర్లోస్కర్ ఇనుప నాగలిని తయారుచేసినప్పుడు, ఇనుము తగిలితే నేల విషపూరితమవుతుందని రైతులు శంకించారని, తొలి నాగళ్ళు అమ్ముడుపోవడానికి సుమారు రెండేళ్ళు పట్టిందని ఆ పరిశ్రమ చరిత్ర చెబుతున్నది. నేడు పాతవిగా ఆదరణ పొందుతున్న పనిముట్లన్నీ ఒకనాడు అనుమానం ఎదుర్కొన్న కొత్తవే.

అంతకంటె గంభీరమైన విషయం మరొకటున్నది. నూర్పిడి యంత్రాలు వ్యాపించిన తొలి దశాబ్దాల్లో వాటికి పైరు అందిస్తూ చేతులు పోగొట్టుకొన్న కూలీలు ఎందరో. ఆ ప్రమాదాల కారణంగానే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టాన్ని చేసింది. విద్యుత్తుతోగాని, ఇంజనుతోగాని నడిచే నూర్పిడి యంత్రాలను ప్రమాదకర యంత్రాలుగా గుర్తించి, వాటివల్ల మరణించిన, గాయపడిన శ్రామికులకు పరిహారం చెల్లించాలని ఆ చట్టం నిర్దేశించింది. చేయి లోపలికి పోకుండా తగినంత పొడవైన పైరుతొట్టి లేని నూర్పిడి యంత్రం, తొడుగు లేని ఇరుసు, బోల్తాపడితే నడిపేవానిని కాపాడే చట్రం లేని ట్రాక్టరు: ఇవన్నీ పాతవే, పనిచేస్తున్నవే. వీటిని చూసి ముచ్చటపడేవాడు ఒక్క క్షణం కూలీ స్థానంలో నిలబడి చూడాలి. యజమాని మమకారానికి మూల్యం కూలీ శరీరం చెల్లించవలసివస్తే, దానిని మమకారమనడం తగదు, ఉపేక్ష అనాలి. పొగ విషయమూ అంతే. దానిని పీల్చేది యజమాని ఒక్కడే కాదు.

కనుక సమస్య పాతదా, కొత్తదా అన్నది కాదు. అభిమానానికి ఏది ప్రమాణం అన్నదే సమస్య. ఇందుకు సమాధానం గ్రంథాలకంటె పండుగలలో స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు రైతు జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగిస్తూ ఎడ్లను కడిగి, నాగలికి పసుపు కుంకుమలు అద్దుతాడు. ఛత్తీస్‌గఢ్ రైతు హరేలీ నాడు నాగలిని, పారను, కొడవలిని కడిగి పూజిస్తాడు. ఇంట చీలాలు వండుతారు, గుమ్మానికి వేపరెమ్మ కడతారు, పిల్లలు వెదురు గేడీలెక్కి నడుస్తారు. ఉత్తరాది పంచాంగం ప్రకారం అది శ్రావణ అమావాస్య, తెలుగువారి లెక్కలో ఆషాఢ అమావాస్య. నాగలి సరసన ట్రాక్టరు కూడా నేడు ఆ పూజ అందుకొంటున్నది. భిలాయి తెలుగు కుటుంబాలకు ఈ రెండు పండుగల మధ్య బంధుత్వం విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ ఆచారంలోని అంతరార్థం పరిశీలింపదగినది. పనిముట్టును పూజించాలంటే ముందు దానిని కడగాలి. కడిగినప్పుడే తుప్పు కనిపిస్తుంది, పగులు బయటపడుతుంది, వదులైన పిడి చేతికి తెలుస్తుంది. ఆనాడు పనికి విరామం గనుక సరిచేయడానికి వ్యవధి ఉంటుంది. అంటే పూజ, పరీక్ష వేరు కావు. కుంకుమ పెట్టి, పగులును చూడకుండా వదిలివేసినవాడు పనిముట్టును గౌరవించినట్లు కాదు. కృతజ్ఞత బాధ్యతగా మారినప్పుడే దానికి నైతిక విలువ కలుగుతుంది.

ఈ ప్రమాణం పాలనకూ వర్తిస్తుంది. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల నమోదు 2023 ఏప్రిల్ 1నుంచి రద్దయింది. ప్రభుత్వం తన ఆస్తి విషయంలో వయోపరిమితి పాటించడానికి కారణాలున్నాయి. చిన్న రైతు యంత్రం విషయంలో వయస్సుతోపాటు స్థితిని కూడా పరిగణించడం న్యాయం. రక్షక చట్రం, ఇరుసుకు తొడుగు, నూర్పిడి యంత్రానికి సరైన పైరుతొట్టి అమర్చుకోవడానికి సహాయం అందితే, పాత యంత్రం మరికొన్నాళ్ళు నిర్దోషంగా సేవచేయగలదు. వృద్ధ మెకానిక్కుల అనుభవాన్ని నమోదు చేయడం కూడా సాంస్కృతిక పరిరక్షణే. శిల్పాన్ని, శాసనాన్ని కాపాడుకొనే సమాజం చేతి నేర్పును మాత్రం నశించనీయడం సబబు కాదు.

ఎంతటి శ్రద్ధకైనా ఒక హద్దు ఉన్నది. మరమ్మతుకు లొంగని యంత్రాన్ని, మనిషికి ముప్పుగా పరిణమించిన యంత్రాన్ని తుక్కుకు పంపడం కృతఘ్నత కాదు. హథ్‌ఖోజ్ వంటి చోట ఆ సంగతి సులభంగానే బోధపడుతుంది: కొలిమికి చేరిన ఇనుము వృథా కాదు, మరో పనిముట్టుగా తిరిగి రాగలదు. తెగిన చేయి మాత్రం ఏ కొలిమిలోనూ తిరిగి రూపొందదు. పాత యంత్రాన్ని ప్రేమించేవారు ఈ భేదాన్ని మరువకుండా ఉంటే, వారి ప్రేమను వ్యామోహమని ఎవరూ అనలేరు.