గంజికి మారినోళ్లేనా?

కామారెడ్డి నుంచి హైదరాబాదు పోయే దారిలో, చేగుంట దగ్గర వడియారం అనే ఊరుంది. 1959లో ఆ ఊరి పాస్టరేటు కిందున్న జంగరాయి చుట్టుపక్కల పల్లెల్లో పి.వై. లూక్ అనే మన పాస్టరూ, జాన్ కార్మన్ అనే అమెరికన్ పండితుడూ తిరిగారు. క్రైస్తవులైన మాల, మాదిగ వాడల్లో పెళ్లిళ్లు, చావులు, రోగాలు, పండుగలు ఎట్లా జరుగుతున్నాయో అడిగి రాసుకున్నారు. 1968లో అది ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్లు ఊరి దేవతల పండుగల్లోనూ పాలుపంచుకుంటున్నారని అందులో దాచకుండా రాశారు. యాభై ఏళ్ల తర్వాత కార్మన్, చిలుకూరి వసంతరావుతో కలిసి అవే పల్లెల కథను మళ్లీ ఎత్తుకున్నారు. ఆ పుస్తకం 2014లో అచ్చయింది.

మాది ఎల్లారెడ్డి. హైదరాబాదులో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. ఈ పుస్తకాల సంగతి కామారెడ్డిలో మాకు తెలిసిన సంఘపెద్ద ఒకాయనకు చెబితే, "మన ఇంటి గుట్టు మనమే బయటేసుకుంటమా బిడ్డా? దేవునికి మహిమ వచ్చేది రాయరాదు?" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. క్లాసులో ఇంకో మాట వినబడుతుంది, మీవాళ్లు గంజికి మతం మారినోళ్లే కదా అని. ఏం రాయాలో నాకు ఇద్దరూ ముందే చెప్పేస్తున్నారు. మా పల్లెల్లో ముసలివాళ్లను ఏమైనా అడిగారా అంటే, ఇద్దరూ అడగలేదు.

పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞను సండేస్కూల్లో బట్టీపట్టాం. చనిపోయినవాళ్లు కూడా మనకు పొరుగువాళ్లేనని నాకు చరిత్ర చదివాకే తోచింది. వాళ్ల మీద ఎవరేమన్నా లేచి కాదనలేరు. లూకా తన సువార్త మొదలుపెడుతూనే, కళ్లారా చూసినవాళ్లు అప్పగించిన సంగతులను మొదట్నుంచీ విచారించి రాస్తున్నానంటాడు. విచారించడం విశ్వాసం లేనివాళ్ల పని అని నేనెట్లా ఒప్పుకోను?

గంజి సంగతే తీసుకుందాం. మెదక్ చర్చి పని 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దాన్ని కట్టించాడు. కరువు రోజుల్లో జనానికి ఆ రాళ్ల పని ఇచ్చి తిండి పెట్టారని మా దగ్గర పిల్లలకూ తెలుసు. సంఘంలో ఇది మిషనరీ దయగా చెప్పుకుంటారు, బయట ఎరగా చెప్పుకుంటారు. రెండు కథల్లోనూ రాయి మోసినవాళ్లు నోరు లేనివాళ్లే.

ఆకలితో వచ్చిన విశ్వాసం తక్కువదని ఎవరు తేల్చారు? తప్పిపోయిన కుమారుడికి తండ్రి ఇల్లు ఎప్పుడు యాదికొచ్చింది? పందుల మేత కూడా దొరకక కడుపు మాడినప్పుడు. తండ్రి అతన్ని నీది భక్తా, ఆకలా అని అడగలేదు, ఎదురుగా పరుగెత్తాడు. వెట్టి చేసి, ఊరి బావిలో నీళ్లు చేదుకునే హక్కు లేక బతికిన మనిషికి అన్నం పెట్టి, పక్కన కూర్చోబెట్టి, బిడ్డలకు అక్షరాలు నేర్పిన దేవుడు నిజమైన దేవుడిలాగే కనబడి ఉంటాడు. అతని కడుపునూ ఆత్మనూ వేరు చేసి తూచే తక్కెడ నా దగ్గర లేదు. అట్లాగని అందరూ ఆత్మ కోసమే వచ్చారని రాయడానికీ నాకు ఆధారం లేదు.

లాభం కోసమే మారారంటే, తర్వాత జరిగినదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మన దగ్గర వాళ్లను బీసీ-సీ కింద లెక్కిస్తారు. అందుకే కొన్ని ఇళ్లలో గూట్లో బైబిలు ఉంటుంది, సర్టిఫికెట్టులో ఇంకోటి ఉంటుంది. జనాభా లెక్కలు మాత్రమే చూసి మా పల్లెల చరిత్ర రాస్తే అది తప్పుడు చరిత్రే అవుతుంది.

పండుగల గురించి కూడా చెప్పాలి. మా నాయనమ్మ బతుకమ్మ ఆడదు. కానీ ఎంగిలిపూల నాడు పక్కింటివాళ్లు గునుగు పూలు తెచ్చి అరుగు మీద పోస్తే, కట్ట కట్టి, కొనలు సమంగా కోసి, గిన్నెలో కలిపిన రంగులో ముంచి ఆరబెట్టేది ఆమే. ఎరుపు ఎంతసేపు ముంచాలో ఆమెకు తెలిసినట్టు వాడలో ఇంకెవరికీ తెలియదు. వేళ్లకు ఆ రంగు పోకముందే ప్రార్థన కూటానికి పోతుంది. ఒక బోధకుడు ఇది రాజీ అన్నాడు. నేను ఒప్పుకోను. విగ్రహానికి మొక్కడం వేరు, పొరుగింటి పూలకు రంగు అద్దడం వేరు, ఆ తేడా ఆమెకు బాగా తెలుసు. ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పకుండానే ఆమె నిర్ణయించుకుంది. నా దృష్టిలో అది కూడా వేదాంతమే, కాకపోతే కాగితం మీదికి ఎక్కలేదు. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య హిందూ, ముస్లిం శిల్పరీతులు కలిపి కట్టించిన కెథెడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. దాని మీద వ్యాసాలున్నాయి. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చేసిన ఆలోచన మీద కూడా ఉండాలి.

ఈ ఎండాకాలం లింగంపేట, నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పల్లెల్లో ఎనభై దాటినవాళ్ల దగ్గర కూర్చోవాలనుకుంటున్నాను. సంఘపెద్దను కూడా వెంట రమ్మన్నాను, వస్తానన్నాడు. ప్రశ్నల కాగితంలో మొదట రాసుకున్నవి రెండు: మీ ఇంట్లో ముందుగాల బాప్తిస్మం తీసుకున్నదెవరు? ఆ ఏడు వానలు పడి కాలమైందా?