లోపించిన అక్షరము

ఒకడు వాకిటివైపు చూచి "ద్వారము!" అని మాత్రము పలికెను, విన్నవాడు లేచి తలుపు మూసెను. పలుకబడని "మూయుము" అను క్రియ ఎక్కడినుండి వచ్చినదని మన మీమాంసకులు తరతరములుగా వాదించిరి. వినువాడు లోపించిన శబ్దమునే ముందు మనసున చేర్చుకొని, పిదప దానివలన అర్థమును గ్రహించునని కుమారిలభట్టు ననుసరించిన భాట్టులు చెప్పగా, శబ్దముతో పనిలేక అర్థమే నేరుగా స్ఫురించునని ప్రాభాకరులు పట్టుపట్టిరి. మొదటిది శబ్దాధ్యాహారము, రెండవది అర్థాధ్యాహారము. విద్యార్థులు సెల్‌ఫోనులలో వ్రాసుకొను పొట్టి ఇంగ్లీషును చదువదగిన ఇంగ్లీషుగా మార్చు యంత్రములను గూర్చి తెలిసికొన్ననాటినుండి ఈ వివాదము పాతబడినదని నాకు తోచుటలేదు.

ఆ పొట్టివ్రాతను సోమరితనమని నిందించుట న్యాయము కాదు. నాడు సందేశమునకు 160 అక్షరముల హద్దుండెను. పాత ఫోనులపై ఇంగ్లీషు 'ఎస్' ఒక్కటి రావలెనన్న ఏడంకె మీటను నాలుగుమార్లు నొక్కవలసివచ్చెను. ఆ యిరుకున "బిఫోర్" అను మాట 'బి' అక్షరమునందును నాలుగంకెయందును ఇమిడిపోయినది. అర్ధమాత్ర లాఘవము లభించిన పుత్రోదయమైనట్లు పొంగిపోవుదురని పేరుగాంచిన వైయాకరణులు దీనిని చూచి కోపింతురని నేననుకొనను. పాణిని స్వరములన్నిటిని 'అచ్' అను ప్రత్యాహారమున బంధింపగా, మన "అచ్చు", "హల్లు" అను మాటలు అట్టి పొట్టివ్రాతల సంతానమే కదా!

2007లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.కి చెందిన పరిశోధకులు, "టుమారో" వంటి మాట సందేశములలో ఎన్ని రూపములు పొందునో పరిశీలించి, ఏ యక్షరము ఎంత సంభావ్యతతో లోపించునో, ఏది ధ్వనిసామ్యముచే అంకెగా మారునో హిడెన్ మార్కోవ్ మోడల్ అను గణితరూపమున నిలిపిరి. సందేశములోని '2' సంఖ్యయో, "వైపు" అను నర్థమిచ్చు మాటయో, "కూడ" అను నర్థమిచ్చు మాటయో ఇరుగుపొరుగు పదములే తేల్చును. ఇది శాస్త్రకారులు చెప్పిన సన్నిధికి, అనగా పదముల పొరుగునకు, చేరువైన మార్గమే. కాని "సైంధవము తెమ్ము" అన్నప్పుడు భోజనవేళ ఉప్పునకును, ప్రయాణవేళ గుఱ్ఱమునకును పోవు సేవకుడు మాటల పొరుగును కాదు, ఎదుటనున్న విస్తరిని, కట్టిన మూటను చూచుచున్నాడు. యంత్రము ఎంత నేర్పరియైనను భాట్టుల శిష్యుడే; శబ్దమును నింపును. చాలచోట్ల అంతియే చాలును, అందులకు దానిని నేను మనసార మెచ్చుకొందును.

అయితే లోపించిన ప్రత్యయము సైతము తన కార్యమును చేయునని పాణిని అంగీకరించెను. నిన్నటివరకు పొద్దుపోవునంతవరకు కబుర్లు వ్రాసిన స్నేహితుడు నేడు 'కె' అను ఒక్క యక్షరమును పంపినచో, యంత్రము దానిని "ఓకే" యని నిర్దోషముగా పూరించును. అందుకొన్న బాలుడు మాత్రము కంచము ముందర కూర్చుండియు అన్నము కలుపక, తానేమి తప్పు చేసెనోయని నిన్నటి మాటలన్నిటిని మరల మరల చదువుకొనుచుండును.