దేవతలు కొలువుదీరే మాసంలో పరదేశి పంతులు

తైత్తిరీయోపనిషత్తు మొదటి భాగమైన శీక్షావల్లిలో ఆచార్యుడు హోమం చేస్తూ కోరే కోరికల్లో ఒకటి ఎంతో హృద్యమైనది. బ్రహ్మచారులు, అంటే గురువును ఆశ్రయించి చదువుకునే విద్యార్థులు, నలుదిక్కుల నుంచీ తన దగ్గరికి రావాలని అతడు ప్రార్థిస్తాడు. గురువు ఉన్న చోటే గురుకులమనీ, దాన్ని వెతుక్కుంటూ రావలసింది శిష్యుడేననీ భావించిన సంప్రదాయంలో ఈ కోరిక సహజమే. పరదేశానికి వెళ్లి పాఠం చెప్పే ఉపాధ్యాయుడి నడక మాత్రం దీనికి పూర్తిగా ఎదురు దిశలో సాగుతుంది. శిష్యులు అతని ముంగిటికి రారు, అతడే వారి ఊరికి, వారి భాష నడుమకు, వారి దేవతల వాకిటికి వెళ్తాడు. తరగతిలో గురువు స్థానంలో నిలబడినా ఆ ఊరికి అతడు అతిథే. గురువూ అతిథీ ఒకే మనిషిలో కలిసినప్పుడు అతని సాధన ఎలాంటిది కావాలన్న ప్రశ్నకు, 1890 శరత్కాలంలో జపాన్‌లోని మాత్సుయే పట్టణంలో ఇంగ్లిషు బోధించిన లాఫ్‌కాడియో హెర్న్ జీవితం ఇచ్చే సమాధానం ఆధ్యాత్మిక జిజ్ఞాసువులు తప్పక తెలుసుకోదగినది.

హెర్న్ 1850లో గ్రీసు దేశపు లెఫ్కాడా ద్వీపంలో ఐర్లండ్ తండ్రికీ గ్రీకు తల్లికీ పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులిద్దరికీ దూరమై, బంధువుల పోషణలో డబ్లిన్‌లో పెరిగి, పదహారేళ్ల వయసులో బడిలో జరిగిన ప్రమాదంలో ఎడమ కన్ను చూపు పోగొట్టుకొని, ఆ తరువాత అమెరికాలో సిన్సినాటి, న్యూ ఆర్లియన్స్ నగరాల్లో పత్రికా రచయితగా బతికి, 1890 ఏప్రిల్‌లో యొకొహామా రేవులో దిగాడు. ఆగస్టు చివర్లో, పశ్చిమ జపాన్ సముద్రతీరాన ఉన్న షిమానె ప్రాంతపు ముఖ్యపట్టణమైన మాత్సుయే చేరి, అక్కడి మాధ్యమిక పాఠశాలలోనూ, ఉపాధ్యాయులను తయారుచేసే నార్మల్ స్కూల్లోనూ ఏడాది ఒప్పందం మీద ఇంగ్లిషు ఉపాధ్యాయుడిగా సెప్టెంబరులో చేరాడు. ఆయనకు జపాను భాష రాదు. సహోపాధ్యాయుడు నిషిదా సెంతారో ఆయనకు మిత్రుడై, దుబాసీ అయి, అడుగడుగునా తోడు నిలిచాడు.

మాత్సుయే ఉన్న ఇజుమో సీమకు జపాను ధర్మంలో ఒక ప్రత్యేకత ఉంది. ఆ దేశపు ప్రాచీన ధర్మమైన షింతోలో దేవతలను కామి అంటారు. కొండ, వాగు, చెట్టు, వంశమూలపురుషుడు, వీటన్నింటిలోనూ కామి ఉంటాడని విశ్వాసం. పాత చాంద్రమానంలోని పదో నెలలో దేశం నలుమూలల నుంచీ కామిలందరూ బయలుదేరి, ఓకునినుషి దేవుడు కొలువై ఉన్న ఇజుమో మహాలయంలో సమావేశమై, రాబోయే ఏడాదికి మనుషుల మధ్య ఏర్పడవలసిన బంధాలను, వివాహబంధాలతో సహా, ఆలోచించి నిర్ణయిస్తారని చెబుతారు. అందుకే ఆ నెలకు తక్కిన దేశమంతటా కన్నాజుకి, అంటే దేవతలు లేని నెల, అనీ, ఒక్క ఇజుమోలో మాత్రం కామియారిజుకి, అంటే దేవతలు ఉన్న నెల, అనీ పేరు. పదో తిథి రాత్రి ఇనసా సముద్రతీరంలో మంటలు వెలిగించి దేవతలకు స్వాగతం పలుకుతారు. ఆలయ ప్రాంగణంలో తూర్పున ఒకటీ పడమట ఒకటీగా ఉన్న పొడవైన మందిరాలే వారికి విడిది. దేవతల ఆలోచనలకు భంగం కలగకూడదని ఆ రోజుల్లో అక్కడివారు ఆటపాటలనూ, ఇళ్ల నిర్మాణాన్నీ మానుకొని నియమంగా ఉంటారు. ఈ పదో నెల చాలా సంవత్సరాల్లో తెలుగువారి కార్తికమాసంతో కలిసి వస్తుంది. తెలుగు ఇళ్లలో స్నానం, దీపం, ఉపవాసం అనే నియమాలతో గడిచే రోజుల్లోనే అంత దూరాన మరో జాతి తన దేవతల కోసం గొంతు తగ్గించుకొని నియమం పాటిస్తుందన్నది తలచుకుంటేనే మనసు నిండే విషయం.

పాఠాలు మొదలుపెట్టిన పక్షం రోజుల్లోపే, సెప్టెంబరు మధ్యలో, హెర్న్ షింజి సరస్సును చిన్న ఆవిరి పడవలో దాటి, రిక్షాలో ప్రయాణించి ఇజుమో చేరాడు. నిషిదా రాసిన పరిచయలేఖ వల్ల ప్రధానార్చకుడు సెంగె తకనోరి ఆయనను ఆదరించి, అంతకుముందు ఏ పాశ్చాత్యుడికీ ప్రవేశం లభించని మందిరంలోకి రానిచ్చాడు. హెర్న్ చేతులు కడుక్కొని, శుచియై, అక్కడి మర్యాద ప్రకారం వంగి నమస్కరించి లోపలికి వెళ్లాడు. క్రమం గమనించదగినది. తాను నేర్పవలసింది ఇంకా మొదలవుతుండగానే, తాను నేర్చుకోవలసిన దాని ముందు ఆయన తల వంచాడు.

ఆ పై నెల ఊపిరి సలపనిది. రెండు బడుల్లో రోజువారీ పాఠాలు సాగుతుండగా, అక్టోబరు 15న మాత్సుయే కోట ఆవరణలో షిమానె బడులన్నింటికీ కలిపి ఉందోకై, అంటే వార్షిక క్రీడోత్సవం, జరిగింది. దాదాపు ఆరువేల మంది బాలబాలికలు పాల్గొన్నారని హెర్న్ రాసుకున్నాడు. అదే నెలలో ఆ ప్రాంతపు విద్యాసంఘం సభలో, విద్యలో ఊహాశక్తికి ఉన్న విలువ గురించి ఆయన ఉపన్యసించాడు. నెలాఖరున, అక్టోబరు 30న, విద్య గురించిన చక్రవర్తి శాసనం వెలువడింది. నవంబరు 3న చక్రవర్తి జన్మదినోత్సవం. వీటన్నింటి మధ్య విద్యార్థుల ఇంగ్లిషు వ్యాసాలు దిద్దే పని ఎప్పుడూ ఉండేది. మనుషులు ఎక్కువకాలం గుర్తుంచుకునేది దేన్ని అన్న అంశం ఇస్తే, ఒక విద్యార్థి తనకు నాలుగేళ్ల వయసులో ఒక చలికాలపు రోజున తల్లి చనిపోయిన సంగతి రాశాడు. వ్యాకరణం దిద్దడానికి చేతికి తీసుకున్న కాగితంలో ఒక పసివాడి దుఃఖం ఎదురైనప్పుడు, ఆ దిద్దడం పూజ అంత శ్రద్ధతో జరగవలసిన పని అవుతుంది. హెర్న్ ఆ వ్యాసాన్ని తన డైరీలో పదిలపరిచి, 1894లో అచ్చయిన పుస్తకంలో చేర్చాడు కాబట్టే ఆ పిల్లవాడి తల్లి నేటికీ పాఠకులకు తెలుసు.

తీరికలేని ఇలాంటి నెలలో సాధనకు చోటెక్కడిది అని అడిగేవారికి శీక్షావల్లిలోనే జవాబుంది. మనిషి ఆచరించవలసిన ధర్మాలను ఋతం, సత్యం, తపస్సు, అతిథి సేవ అంటూ ఒక్కొక్కటిగా చెబుతూ, ప్రతిదాని పక్కనా స్వాధ్యాయ ప్రవచనాలను, అంటే తాను చదువుకోవడాన్నీ ఇతరులకు బోధించడాన్నీ, ఉపనిషత్తు జోడిస్తుంది. చివరికి ముగ్గురు ఋషుల అభిప్రాయాలు వస్తాయి. సత్యమే ప్రధానమని ఒకరు, తపస్సే ప్రధానమని మరొకరు చెప్పగా, ముద్గల వంశీయుడైన నాకుడు మాత్రం స్వాధ్యాయ ప్రవచనాలు చాలునని, అవే తపస్సు అని అంటాడు. ముగ్గురిలో నాకుడి మాటే ఉపాధ్యాయుడికి అన్నిటికన్నా దగ్గరిది. అడవికి వెళ్లకుండా, పని మానకుండా, తరగతి గదిలోనే తపస్సు ఉందని చెప్పిన ఋషి ఆయన. అయితే ఆ జంటలో మొదటి పదం స్వాధ్యాయమన్నది మరువరాదు. చదువుకోవడం ఆగిపోయిన చోట చెప్పడం వట్టి శ్రమగా మిగులుతుంది; పరదేశంలో ఉన్న ఉపాధ్యాయుడికి ఆ స్వాధ్యాయంలో అక్కడి మనుషులూ, వారి పండుగలూ, వారి భయభక్తులూ కూడా పాఠ్యగ్రంథాలే.

ఈ స్వాధ్యాయం లేని బోధన ఎలా ఉంటుందో హెర్న్ డైరీలోని ఒక సంభాషణ తేటతెల్లం చేస్తుంది. చక్రవర్తి జన్మదినోత్సవంలో హెర్న్ అందరితో పాటు చక్రవర్తి చిత్రపటానికి వంగి నమస్కరించడం చూసిన ఒక విద్యార్థి, ఇంతకుముందు ఇంగ్లిషు చెప్పిన ఉపాధ్యాయుడు ఇలా లేడని చెప్పాడు. తన దేవుడు తప్ప గౌరవింపదగినది ఏదీ లేదనీ, వేరొకదాన్ని గౌరవించేవారు అజ్ఞానులనీ ఆ ఉపాధ్యాయుడు అన్నాడట. ఆ పిల్లలను అనాగరికులని కూడా అన్నాడట. హెర్న్ దానికి, తమ పూర్వుల దేవతలను, దేశధర్మాన్ని గౌరవించడం విద్యార్థుల కర్తవ్యమని బదులిచ్చాడు. ఎంత పాఠం చెప్పినా ఆ మునుపటి ఉపాధ్యాయుడి నుంచి పిల్లలకు గుర్తుండిపోయేది అవమానమే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. చక్రవర్తి పట్ల భక్తిని నూరిపోసిన ఆ విద్యాశాసనం తరువాతి దశాబ్దాల్లో యుద్ధోన్మాదానికి ఊతమైంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత, 1948లో జపాన్ పార్లమెంటే దాన్ని తోసిపుచ్చింది. కాబట్టి ఎదుటివారి పవిత్రతను గౌరవించడమంటే రాజ్యాధికారం పవిత్రమని ప్రకటించుకున్న ప్రతిదానికీ తలవంచడం కాదు. ఇజుమో మందిరం ముందు వంచిన తలకూ, పటం ముందు వంచిన తలకూ మధ్య ఉన్న తేడాను 1890లో హెర్న్ పూర్తిగా చూడలేదనే చెప్పాలి. తరువాతి చరిత్ర తెలిసిన నేటి ఉపాధ్యాయుడు దాన్ని చూడగలడు, చూడాలి కూడా. అయినా హెర్న్ పిల్లల మనసును గాయపరచకుండా కాపాడాడన్న సత్యం దీనివల్ల తగ్గదు.

మాత్సుయేలో చలి ఒంటికి పడక 1891 నవంబరులో హెర్న్ కుమమొతొ వెళ్లాడు. అప్పటికి మాత్సుయేకు చెందిన సెత్సు ఆయన భార్య అయింది; 1896లో జపాన్ పౌరసత్వం తీసుకొని కొఇజుమి యకుమొ అయ్యాడు, తోక్యో విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం బోధించాడు, 1904 సెప్టెంబరులో తోక్యోలోనే మరణించాడు.

ఆయన నడిచిన దారిలో నేడు ఎందరో ఉన్నారు. 1987లో జపాన్ ప్రభుత్వం ప్రారంభించిన జెట్ కార్యక్రమం ద్వారా విదేశీయులు అక్కడి బడుల్లో ఇంగ్లిషు బోధనకు సహాయకులుగా వెళ్తున్నారు. క్రీడోత్సవం, సాంస్కృతికోత్సవం, పరీక్షలు కలిసి వారి శరత్కాలాన్ని నేటికీ అలాగే ముంచెత్తుతాయి. భారతదేశం నుంచి ఇథియోపియా, మాల్దీవులు వంటి దేశాలకు వెళ్లి బోధించిన ఉపాధ్యాయుల్లో తెలుగువారూ ఉన్నారు. ఈ కార్తికంలో ఏ దేశంలోనైనా పాఠం చెబుతున్న తెలుగు ఉపాధ్యాయులు ఇంట్లో దీపం వెలిగించుకోవడంతో ఆగకుండా, తమ బడి ఉన్న ఊరివారు పవిత్రంగా భావించే చోటు ఏదో తమ విద్యార్థులను అడిగి తెలుసుకొని, వీలైతే వారినే తోడు తీసుకొని, ఒక సాయంత్రం అక్కడికి వెళ్లి రావాలి.