ఆ పువ్వు ఎవరిది?

జనం పలచగా ఉండే గుళ్లంటే నాకు ఇష్టం. ఆ ఇష్టాన్ని చాలాకాలం భక్తి ఖాతాలోనే జమ వేసుకున్నాను. అందరూ తిరుమల క్యూలో నిలబడుతుంటే, నేను మాత్రం తిరుపతికి ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్న గుడిమల్లం వెళ్లొస్తానని నలుగురిలో చెప్పుకోవడంలో ఒక రుచి ఉంది. ఆ రుచి దేవుడిదా, నాదా అని ఎప్పుడూ ఆరా తీయలేదు.

ఏర్పేడు మండలంలో స్వర్ణముఖి నదికి దగ్గర్లో ఉన్న పల్లె అది. పరశురామేశ్వరస్వామి గర్భగుడి నేల ముఖమండపం కన్నా బాగా దిగువన ఉంటుంది. లోపల ఐదడుగుల లింగం. దాని ముందు భాగంలో మలిచిన శివుడు నిటారుగా నిలబడి ఉంటాడు. కుడిచేతిలో తలకిందులుగా వేలాడుతున్న పొట్టేలు, ఎడమచేతిలో చిన్న పాత్ర, భుజాన గొడ్డలి. కాళ్ల కింద మోకాళ్లు వంచి కూర్చున్న యక్షుడు. శతాబ్దం విషయంలో పండితులు ఒక మాట మీద లేరు గానీ, క్రీస్తుపూర్వానిదని ఎక్కువమంది అంటారు.

ఇదంతా నాకు ముందే తెలుసు. చిక్కు అక్కడే వచ్చింది. నాకన్నా ముందు ఒక కుటుంబం నిలబడి ఉంది. పూజారి హారతి వెలుగులో ఆ శిల్పాన్ని చూపిస్తూ "ఈయన పరశురాముడు, కింద ఉన్నది చిత్రసేనుడు" అని చెబుతున్నాడు. కాదండీ, అది శివుడు, పురావస్తు పండితుడు గోపీనాథరావు గారు వందేళ్ల కిందటే రాశారు అనబోయి ఆగాను. సంస్కారం కొద్దీ ఆగానని ఆ క్షణాన అనుకున్నాను. ఇప్పుడు నిదానంగా చూసుకుంటే, ఆ పిల్లలకు నిజం తెలియాలన్న తపన నాలో ఏ కోశానా లేదు. ఆ గర్భగుడిలో తెలిసినవాణ్ని నేనే అని తేలాలి, అంతే.

పూజారి చెప్పిన స్థలపురాణం ఇది. తండ్రి మాట మీద తల్లి రేణుక తల నరికిన పరశురాముడు ఆ పాపం పోగొట్టుకోవడానికి ఇక్కడ తపస్సు చేశాడు. కోనేట్లో రోజుకు ఒక్క పువ్వే పూసేది. దాన్ని స్వామికి పెట్టి పూజ చేసేవాడు. వేటకు వెళ్లేటప్పుడు పువ్వుకు కాపలాగా చిత్రసేనుడనే యక్షుణ్ని పెట్టి, కూలి కింద వేటమాంసమూ కల్లూ ఇచ్చేవాడు. ఒకరోజు పరశురాముడు రావడం ఆలస్యమైంది. యక్షుడు పువ్వు కోసి తానే స్వామికి పెట్టేశాడు. దాంతో మొదలైన యుద్ధం పద్నాలుగేళ్లు సాగింది. చివరికి శివుడే ప్రత్యక్షమై ఇద్దరినీ తనలో కలుపుకున్నాడు.

తండ్రి జమదగ్ని వరంతో రేణుక మళ్లీ బతికిందని మనకు తెలుసు. అయినా కొడుకు మనసు కుదుటపడలేదు, తపస్సుకు కూర్చున్నాడు. కోపంతో ఎత్తిన గొడ్డలి కాదు, తండ్రి ఆజ్ఞతో ఎత్తింది. అంత మనిషి తపస్సు మధ్యలో ఒక్క పువ్వు కోసం మళ్లీ గొడ్డలి ఎత్తాడు, ఈసారి సొంత కోపంతో. పువ్వు చేరాల్సిన చోటికే చేరింది కదా! పూజ కూడా తప్పలేదు. మరి పోయిందేమిటి? పెట్టిన చెయ్యి తనది కాదు, అంతే. ఆ పద్నాలుగేళ్లూ స్వామికి పువ్వు ఎవరు పెట్టారో పూజారి చెప్పలేదు, నేనూ అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. మనసు అప్పటికే మా ఇంటికి వెళ్లిపోయింది. ఒక ఏడు నాన్నగారి తద్దినానికి నా రైలు ఆలస్యమైంది. నేను గుమ్మం ఎక్కేసరికి భోక్తల భోజనాలు అయిపోయాయి. తమ్ముడు తడిపంచెతో కూర్చుని పిండాలు పెడుతున్నాడు. వేలికి దర్భ పవిత్రం, అరచేతికి అంటుకున్న నువ్వులు. వేళ మించిపోకూడదని పురోహితుడే వాణ్ని కూర్చోబెట్టాడట. నేను పల్లెత్తు మాట అనలేదు. ఆ తరువాత చాలా నెలలు కూడా అనలేదు, వాడు ఫోన్ చేసినప్పుడు సహా. పెద్దకొడుకుగా నా ధర్మం తప్పిందన్న బాధ అని ఇంట్లో చెప్పాను. నిజంగా ఆ బాధేనా? నాన్నకు పిండం అందలేదన్న దిగులు ఒక్క క్షణం కూడా నాకు కలగలేదు. నన్ను కాల్చింది వేరు. మేనత్తలూ బాబాయిలూ కూర్చున్న హాల్లో ఆ పీట మీద ఉన్నది నేను కాదు.

ఇంతకీ ఇందులో నాన్న మీద ప్రేమ బొత్తిగా లేదా? ఉంది. అందుకే తేల్చుకోవడం కష్టంగా ఉంది. ప్రేమా పెద్దరికమూ విడివిడిగా ఉంటే ఏది ఏదో చెప్పేవాణ్ని.

ఈ ఏడు తద్దినం నువ్వే పెట్టరా అని తమ్ముడితో అందామన్న ఆలోచన గుడి మెట్లు దిగుతుండగా వచ్చింది. వచ్చీ రాగానే, పెద్దవాడిది ఎంత పెద్దమనసో అని మేనత్త అనడం కూడా చెవిలో వినపడింది. ఆ మాట వినపడకుండా చెప్పగలిగిన రోజున చెప్పాలని ఇప్పటిదాకా వాయిదా వేస్తున్నాను. వాయిదాకు ఇది మంచి సాకు అని కూడా తెలుసు. చెప్పినా వాడేమంటాడో ఊహించగలను: "ఏం అన్నయ్యా, మళ్లీ రైలు లేటా?"