అప్పుకు రెండు నీతులా?

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల బతికే మన సుగాలి, ఎరుకల కుటుంబాలకు అప్పు కొత్త కాదు. వాన రాకపోతే పత్తి చేను ఎండుతుంది. విత్తనాలకు, మందులకు తెచ్చిన అప్పు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. అది తీర్చడానికే ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్ని వెంటబెట్టుకొని గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోతాం. తరగతిలో ఖాళీ స్థలాలు చూసే ఉపాధ్యాయులకు ఈ లెక్క తెలుసు.

ఇంత చేసినా అప్పు తీరకపోతే లోకం మన నడతను తప్పుపడుతుంది. ‘అప్పు చేసి పప్పు కూడు’ అని ఎత్తిపొడుస్తుంది. అదే పెద్ద కంపెనీ తీర్చలేకపోతే మాట మారిపోతుంది. దాన్ని ‘దివాలా పరిష్కారం’ అంటారు. బట్టలు తయారుచేసే అలోక్ ఇండస్ట్రీస్ బాకీ దాదాపు 30 వేల కోట్ల రూపాయలు. 2019లో సుమారు 5 వేల కోట్లకు ఆ లెక్క తేల్చారు. మిగిలింది అప్పులిచ్చినవాళ్లు వదులుకున్నారు.

అలా చేయడమే తప్పని మనం అనడం లేదు. మిల్లు మూతపడితే కూలీల పని పోతుంది. కొంత వదులుకొని దాన్ని నిలబెట్టడంలో న్యాయం ఉంది. మరి మునిగిన కుటుంబాన్ని నిలబెట్టడంలో న్యాయం లేదా?

2016 నాటి దివాలా చట్టంలోనే పేదలకూ ఒక దారి రాశారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటకుండా, సొంత ఇల్లు లేనివాళ్లు అప్పు రద్దు కోరవచ్చని అందులో ఉంది. కంపెనీల భాగం ఆ ఏడాది డిసెంబరులోనే అమలైంది. పేదల భాగం కాగితం మీదే ఉండిపోయింది. ఏజెన్సీ గిరిజనులకు వడ్డీ వ్యాపారుల నుంచి రక్షణగా 1960 నాటి నిబంధనలు ఉన్నాయి. మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కనుక అవీ మన దాకా రావు. 2014లో రాష్ట్రం ప్రకటించిన రుణమాఫీ బ్యాంకు అప్పులకే. చేతి అప్పు తెచ్చిన కౌలుదారుకు, కూలికి అందులో చోటు లేదు.

మాఫీ చేస్తే రేపు ఎవరూ కట్టరని కొందరంటారు. ఆ భయం కంపెనీల విషయంలోనూ ఉండాలి కదా! కంపెనీ మునిగితే వాటాదారు తన వాటా వరకే నష్టపోతాడు. మైక్రోఫైనాన్స్ గుంపులో ఒక అక్క కట్టలేకపోతే మిగతావాళ్లు కూలి డబ్బుల్లోంచి కట్టాలి.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలన్నది మన పెద్దల నీతి. దాన్ని వదులుకోమని ఎవరికీ చెప్పం. కానీ ఎగ్గొట్టడం వేరు, తీర్చలేకపోవడం వేరు. ఆ తేడా చూసే ఓపిక చట్టానికి కంపెనీ దగ్గర ఉంది, మన గడప దగ్గర లేదు. ఉపాధ్యాయులు లెక్కల పాఠంలో ఈ 36 శాతాన్ని పిల్లలతో కట్టించాలి. చదువుకున్న యువకులు పెద్దలు వేలిముద్ర వేసేముందు ప్రామిసరీ నోటు చదివి వినిపించాలి. అప్పు తీరలేదని తలదించుకున్న మనిషిని ముందుగా అడగాల్సింది ‘ఎందుకు తీరలేదు?’ అని. కంపెనీని అడుగుతున్నదీ ఆ ప్రశ్నే.