అప్పన్నతో చెప్పుకునే మాట

మన ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో సాయంత్రం పూట చాయ్ దుకాణం బల్ల మీద చేరిన పెద్దల మాటలు వింటే లోకం మీద మనవాళ్లకున్న బెంగంతా తెలుస్తుంది. "ఏటి మావా, ఇయాళ కూడా బండి రెండు గంటలు లేటేనట" అని ఒకరంటారు. "బండి సంగతి తరవాత, ఉల్లిపాయల ధర చూసినావా?" అని ఇంకొకరు అందుకుంటారు. పిల్లలు ఫోన్లోంచి తల ఎత్తడం లేదు. ఇంట్లో తెలుగులో పిలిస్తే హిందీలో పలుకుతున్నారు. టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, పెరిగి ముసలివాళ్లు రోడ్డు దాటలేకపోతున్నారు. చివరికి మాట వార్తల మీదికి మళ్లుతుంది. హత్యలు, మోసాలు, నాయకుల తిట్లు. చూడకుండా ఉండలేరు, చూస్తే నిద్ర పట్టదు.

ఈ సణుగుడును నేను తేలిగ్గా తీసుకోను. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు ఊళ్ల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఖరగ్‌పూర్ కారఖానాకు వచ్చిన కుటుంబాలివి. తాతలు ఇనుముతో పనిచేశారు, తండ్రులు బండ్లు నడిపించారు. జీవితమంతా వేళకు డ్యూటీకి వెళ్లిన మనిషి బండి ఆలస్యమైందని బాధపడితే అందులో తప్పేముంది? తను ఒళ్లొంచి నిలబెట్టిన పని చెడిపోతోందన్న నొప్పి అది. అందుకే "సణగొద్దు, ఉన్నదాంతో తృప్తి పడండి, అంతా భగవంతుడి లీల" అని చేతులు దులుపుకునే ప్రవచనం నాకు రుచించదు. మన భక్తి సంప్రదాయం కూడా అలా చెప్పలేదు. మనవాళ్లు దేవుడి ముందు నిలబడి గట్టిగా దెబ్బలాడారు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు సింహాద్రి అప్పన్న ఎంత దగ్గరివాడో చెప్పక్కర్లేదు. ఆ స్వామి మీద గోగులపాటి కూర్మనాథ కవి 'సింహాద్రి నారసింహ శతకం' చెప్పాడు. పద్దెనిమిదో శతాబ్దపు మనిషి, పూసపాటివారి విజయనగరం ఏలుబడిలో దేవస్థానాల కొలువు చేసినవాడు. దోపిడీ దండు ఉత్తరాంధ్ర మీద పడింది. పొలాలు పాడయ్యాయి, ఊళ్లు ఖాళీ అయ్యాయి, గుళ్లకు రక్షణ లేకపోయింది. అప్పటి వార్తలు అవే. ఆ వార్తలన్నీ మోసుకుని కవి కొండెక్కి నరసింహుణ్ణి నిలదీశాడు. నీ కళ్లముందు జనం ఇంత కష్టపడుతుంటే నీ పౌరుషం ఏమైందని అడిగాడు. అధిక్షేపించాడు, ఎత్తిపొడిచాడు, రోషం పుట్టేలా మాట్లాడాడు. కవి ఆవేదన విని కొండ మీద నుంచి తుమ్మెదల గుంపు లేచి దండును తరిమిందని చెప్పుకుంటారు. తుమ్మెదల కథ నమ్మేవాళ్లు నమ్ముతారు. నాకు అంతకంటే గొప్పగా కనిపించేది, ఆ శతకాన్ని ఎవరూ దైవదూషణగా చూడకపోవడం. తెలుగువాళ్లు దాన్ని భక్తి శతకాల్లోనే చేర్చుకున్నారు.

కృష్ణా తీరంలో ఇంకో శ్రీకాకుళం ఉంది. అక్కడి ఆంధ్ర మహావిష్ణువు మీద కాసుల పురుషోత్తమ కవి 'ఆంధ్రనాయక శతకం' చెప్పాడు. అదీ ఈ తీరుదే. భద్రాచల రామదాసు సంగతి పిల్లలకు కూడా తెలుసు. పాల్వంచ పరగణాలో తానీషా కొలువు చేసిన కంచర్ల గోపన్న, గోల్కొండ చెరలో పడ్డాక, ఎవరికి ఏ నగ చేయించాడో, దేనికి ఎంతయిందో రాముడికి లెక్క అప్పజెప్పి మరీ కోప్పడ్డాడు. ఒంటి మీద పడిన దెబ్బలు తనతో అలా అనిపించాయని ఆ పాటలోనే క్షమాపణ కూడా వేడుకున్నాడు. ఆ క్షమాపణ నన్నెప్పుడూ ఆపేస్తుంది. కోపం ఎంత పెరిగినా ఎదుటివాడి మీద ప్రేమ తెగలేదన్నమాట.

మరి మన సాయంత్రపు సణుగుడుకీ వాళ్ల నిందకీ తేడా ఎక్కడుంది? రైల్వే ఊరి మనుషులం కాబట్టి స్టేషన్‌లో ఉండే ఫిర్యాదుల పుస్తకాన్ని తలచుకుందాం. అందులో ఊరికే "అంతా పాడైపోయింది" అని రాయరు. ఏ బండి, ఏ తేదీ, ఏ పెట్టె, ఏం జరిగింది అని రాస్తారు. కింద పేరు, చిరునామా, సంతకం పెడతారు. రాసినవాడు తన మాటకు పూచీ పడతాడు, చదివేవాడు జవాబు చెప్పాలి. కూర్మనాథుడి శతకం, రామదాసు పాట అలాంటివే. ఎవరితో చెప్పుకుంటున్నారో వాళ్లకు తెలుసు. ఏం పోయిందో తెలుసు. చెప్పేవాడు తన పేరు దాచుకోలేదు, తన బాధ్యతా దాచుకోలేదు. మన సణుగుడు ఎవరికీ చెప్పనిది. అందుకే అది ఎవరికీ చేరదు, మనలోనే ఉండిపోయి పులుస్తుంది. రాత్రి అన్నం దగ్గర భార్య మీదో, కోడలి మీదో, పరీక్షలో మార్కులు తగ్గిన మనవడి మీదో పడుతుంది. తప్పు చేసినవాడు ఎక్కడో ఉంటాడు, మాట పడేది మన ఇంటివాళ్లు.

వార్తల విషయానికి వస్తే, 2023 జూన్ 2 రాత్రిని ఖరగ్‌పూర్ మరిచిపోలేదు. షాలిమార్ నుంచి చెన్నై వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మన ఊరు దాటి, బాలేశ్వర్ జిల్లా బహనగా బజార్ దగ్గర ఆగి ఉన్న గూడ్సు బండిని గుద్దింది. అటు నుంచి హౌరా వస్తున్న బెంగళూరు బండి కూడా ఆ ప్రమాదంలో చిక్కుకుంది. 290 మందికి పైగా పోయారు. ఆ స్టేషన్ ఖరగ్‌పూర్ డివిజన్‌లోనిదే. ఆ దారిలో మనవాళ్లు నిత్యం ప్రయాణిస్తారు. అయినవాళ్లు బండిలో ఉన్నవాళ్ల ఇళ్లలో ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో చెప్పడానికి మాటలు లేవు.

ఆ రెండు మూడు రోజుల్లో నాలుక రెండు పనులు చేసింది. పట్టాల పక్కన కనిపిస్తున్న ఒక కట్టడం ఫొటో పెట్టి, అది మసీదని, ప్రమాదం వెనక ఒక మతం వాళ్ల కుట్ర ఉందని ఫోన్లలో తిప్పారు. నిజానికి అది ఇస్కాన్ వారి గుడి. మత విద్వేషం రేపే పుకార్లు వ్యాపింపజేస్తే చర్య తప్పదని ఒడిశా పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. శవాలు ఇంకా గుర్తుపట్టకముందే ఆ మాటలు పుట్టాయి. అక్కడే, ఆ రాత్రే, చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు సెల్‌ఫోన్ వెలుగులో పెట్టెల్లోంచి మనుషుల్ని బయటికి లాగారు. రక్తం కావాలని మాట వెళ్తే బాలేశ్వర్ ఆస్పత్రి దగ్గర జనం వరస కట్టారు. వాళ్లూ వార్తే విన్నారు. విన్న మాట వాళ్లను లేపి నడిపించింది.

గీత పదిహేడో అధ్యాయంలో వాక్కుతో చేసే తపస్సు గురించి ఉంది. అవతలివాళ్లను కలవరపెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగానూ హితంగానూ ఉండాలి. ఉపవాసాలు చేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఒక ఫొటో వచ్చినప్పుడు పదిమందికి పంపే ముందు వేలు ఆపుకోవడం కూడా ఆ తపస్సులోదే అని నా నమ్మకం. ఏకాదశి ఉపవాసం కంటే అదేమీ తక్కువది కాదు, చాలామందికి అంతకన్నా కష్టం కూడా.

అలాగని వాక్కు తపస్సు అంటే నోరు మూసుకోవడం అనుకోవద్దు. 1927లో ఈ ఖరగ్‌పూర్ కారఖానాలోనే పనివాళ్లను తగ్గిస్తామన్నప్పుడు కార్మికులు సమ్మె కట్టారు, లాకౌట్‌ను తట్టుకున్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుల్లో బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి ఒకరు. ఆయనే తరవాత రాష్ట్రపతి అయ్యారు. ఆ పనివాళ్లూ ముందు ఏ చెట్టు కిందో సణుక్కునే ఉంటారు. ఆ సణుగుడు అడగాల్సిన చోటికి వెళ్లి అడగాల్సిన మాటయింది. మన భాషకు ఇక్కడ గుర్తింపు లేదన్న బాధ కూడా ఎన్నాళ్లో నలిగింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది.

కాగితం మీద గుర్తింపు దక్కింది కానీ, పిల్లలు హిందీలో పలకడం ఆగలేదు. ఈ ఫిర్యాదుకు చిరునామా మన ఇల్లే. వైశాఖంలో చందనోత్సవానికి సింహాచలం వెళ్లేవాళ్లు తాల్‌బగీచాలో ఉంటే, కొండ దిగేటప్పుడు కూర్మనాథ కవి శతకం దొరుకుతుందేమో చూసి ఒకటి తెచ్చుకోండి. టీవీ కట్టేసి రోజుకో పద్యం పిల్లల చేత చదివించండి. తప్పులు చదివితే కోప్పడకండి. దేవుణ్ణి కూడా ఇలా అడగొచ్చా తాతా అని మనవడు తప్పకుండా అంటాడు. అప్పుడు వాడినీ అడగమనండి, మన మీద వాడికున్న ఫిర్యాదులు చెప్పమనండి. ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడూ వార్తలే చూస్తారు, నాతో మాట్లాడరు అంటాడేమో. బహుశా వాడు ఆ మాట హిందీలోనే అంటాడు. ముందు వినండి, తెలుగు తరవాత దిద్దొచ్చు.