అవ్వ పక్కకు జరిగింది

కొత్త తుపాకిలో మొదట నచ్చింది బరువు. వెబ్లీ మార్క్ 6కు నకలు. అసలుది 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న రివాల్వర్. ఇది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు కాల్చే ఎయిర్‌సాఫ్ట్. నడుము దగ్గర విరిస్తే తెరుచుకోవడమూ అచ్చం అలాగే. అంచుల్లో నల్లరంగు కావాలనే లేపారు, ఎవరో ఏళ్లపాటు వాడినట్టు. ఆ అరుగుదల ఇంకా నచ్చింది.

ఆదోనిలో రైలు దిగి, బస్సులో ఎమ్మిగనూరు పోయి అవ్వకు చూపించా. గొట్టం ఆమె వైపు లేదు. అయినా పక్కకు జరిగింది.

"బొమ్మే అవ్వా."

"అది నీకు తెలుసు. నాకెట్ల తెలుస్తాది?"

సీమ అంటే సినిమావాళ్లకు కత్తులూ బాంబులేనా అని విసుక్కునేవాణ్ణి నేను. ఇప్పుడు అలాంటి బొమ్మే డబ్బిచ్చి ఇంటికి తెచ్చా.

2014 నవంబర్‌లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో టమీర్ రైస్ అనే 12 ఏళ్ల పిల్లాడి దగ్గరున్నదీ ఎయిర్‌సాఫ్టే. బొమ్మ అని తెలిపే నారింజ రంగు గుర్తు దాని గొట్టానికి లేదు. పోలీసు కారు ఆగిన రెండు సెకన్లలోపే కాల్చారు. మర్నాడు చనిపోయాడు.

బొమ్మ కావడం వస్తువులో ఉండే గుణం కాదేమో. పట్టుకున్నవాడికి మాత్రమే తెలిసిన సంగతి. ఎదుటి మనిషికి ఆ సంగతి చేరదు, భయం చేరుతుంది. ఆ భయం నకలు కాదు. పోలిక ఎంత బాగా కుదిరితే భయం అంత నిజం. నేను కొన్నది ఆ పోలికనే.

అమ్మెయ్యలేదు. ఇంకా నచ్చుతూనే ఉంది. కానీ ఆ అరిగిన అంచులు చూస్తే, పట్టుకున్నవాడి కంటే ముందు ఎదురుగా నిలబడినవాళ్లు గుర్తొస్తున్నారు.